లక్ష డాలర్ల ఫ్రేము

మే 1 దగ్గర పడుతోంది. ఆలోపు ఏదో ఒక యూనివర్సిటీకి డిపాజిట్ కట్టెయ్యాలి కాబట్టి కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ నుంచి కూపర్టినో దాకా తెలుగువాళ్ల ఇళ్లలో టెన్షన్ మొదలైంది. అబ్బాయికి బర్క్‌లీ రాలేదు. యూసీఎల్ఏ రాలేదు. పక్క రాష్ట్రంలో ఒక పేరున్న యూనివర్సిటీ రమ్మంటోంది, హాస్టలూ తిండీ కలిపి ఏడాదికి 50 వేల డాలర్లు. ఇంటికి దగ్గర్లోనే డి ఆంజా అనే కమ్యూనిటీ కాలేజీ ఉంది. అక్కడ రెండేళ్లు చదివి యూసీకి, అంటే బర్క్‌లీ, యూసీఎల్ఏ లాంటి క్యాంపస్‌లున్న యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి ట్రాన్స్‌ఫర్ అవ్వొచ్చు. ఇది చదువుకు సంబంధించిన నిర్ణయమని కొందరు అమాయకులు అనుకుంటారు. డబ్బుకు సంబంధించిందని ఇంకొందరు అమాయకులు అనుకుంటారు. రెండూ కాదని సవినయంగా మనవి చేస్తున్నాను. ఇది కారు నంబర్ ప్లేటు చుట్టూ బిగించే ఫ్రేముకు సంబంధించిన నిర్ణయం.

“ఫలానా యూనివర్సిటీ డాడ్” అని రాసున్న ఆ ఫ్రేమును మీరు చూసే ఉంటారు. గుడి పార్కింగ్‌లో అది చేసే పని ఏ డిగ్రీ పట్టా చెయ్యలేదు. పట్టాని గోడకి తగిలిస్తే ఇంటికొచ్చినవాళ్లే చూస్తారు. ఫ్రేమునైతే 880 ఫ్రీవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ప్రతివాడూ చచ్చినట్టు చదవాల్సిందే. కమ్యూనిటీ కాలేజీ పేరుతో అలాంటి ఫ్రేము ఏ తండ్రి కారుకీ నేను ఇంతవరకూ చూడలేదు.

దాని ధరెంతో లెక్కేద్దాం. కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. రాష్ట్రంలో ఉండేవాళ్లకి సెమిస్టర్ యూనిట్‌కి, అంటే ఒక క్రెడిట్‌కి ఫీజు 46 డాలర్లు. ట్రాన్స్‌ఫర్‌కి కావాల్సిన 60 యూనిట్లకి 2,760. పుస్తకాలు, పార్కింగ్ అదనం. తిండంటారా, ఇంట్లో ఎలాగూ ఉండే పప్పుచారే. మొదటిసారి చేరి ఫుల్‌టైమ్ చదివే పిల్లల దగ్గర చాలా కాలేజీలు ఆ ఫీజు కూడా తీసుకోవు. అటువైపు రెండేళ్లకి లక్ష. అంటే ఫ్రేము ఖరీదు సుమారు 97 వేల డాలర్లు, స్క్రూలు వేరే. కాస్ట్‌కోలో ఉచిత శాంపిల్ కోసం టోపీ మార్చుకుని రెండోసారి క్యూలో నిలబడే మనిషే, చదువు దగ్గరికొచ్చేసరికి “ఊరికే వస్తోందంటే ఏదో తేడా ఉందండీ” అంటాడు.

సర్కారువాళ్ల అమాయకత్వం ఇంకా పెద్దది. 1960లోనే మాస్టర్ ప్లాన్ అని ఒకటి రాసుకుని, ఎవరైనా ఇంటి దగ్గర కాలేజీలో మొదలుపెట్టి యూసీ దాకా వెళ్లొచ్చని దారి వేసిపెట్టారు. డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ అనే ఆరు క్యాంపస్‌లు ‘ట్యాగ్’ పేరుతో, చెప్పిన కోర్సులు చెప్పిన గ్రేడ్లతో పూర్తిచేస్తే సీటు గ్యారంటీ అని ముందే రాసిస్తాయి. యూసీఎల్ఏ అలా రాసివ్వదు. అయినా హైస్కూల్ నుంచి నేరుగా అప్లై చేసినవాళ్లలో నూటికి తొమ్మిదిమందికి సీటొస్తే, ట్రాన్స్‌ఫర్‌కి అప్లై చేసినవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి వస్తోంది. చివర్లో ఇచ్చే పట్టా అందరికీ ఒకటే. మొదటి రెండేళ్లు ఎక్కడ వెలగబెట్టాడో దానిమీద ఉండదు. ఇంత రహస్యంగా పని జరుగుతున్నా మనవాళ్లు ధైర్యం చెయ్యడం లేదు.

అసలు ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. రిజిస్ట్రేషన్ తేదీ ఆలస్యంగా పడితే కాలిక్యులస్ క్లాసు నిండిపోతుంది, ఆ ఒక్కదాని వెనక ఫిజిక్స్, దాని వెనక ఇంకోటి ఆగి, రెండేళ్ల చదువు మూడేళ్లవుతుంది. ఏ కోర్సు ఏ క్యాంపస్‌లో చెల్లుతుందో అసిస్ట్ వెబ్‌సైట్‌లో వరస వరసా చూసుకోకపోతే ఒక టర్మంతా గాలికి పోతుంది. మనకి ప్రాణమైన కంప్యూటర్ సైన్స్‌కి ఆ గ్యారంటీ చాలాచోట్ల పనిచెయ్యదు. ట్రాన్స్‌ఫర్ అవుతానని చేరి అవ్వకుండానే మానేసేవాళ్లు బోలెడుమంది. హాస్టల్ జీవితం, రూమ్మేట్ గురక, ఇవేవీ దక్కవు. ఇవన్నీ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయాలే. కానీ మన భోజనాల దగ్గర వీటి ఊసు ఎవరెత్తారు కనక!

అక్కడ నడిచేది వేరే. సత్యనారాయణ వ్రతం అయిపోయింది. ఒకావిడ పేపర్ ప్లేటులో పులిహోర కలుపుకుంటూ అడుగుతుంది.

“ఏమండీ, మీ బాబు ఎక్కడ చేరుతున్నాడు?”

“వాడాండీ... యూసీ ట్రాక్‌లో ఉన్నాడు.”

“యూసీయా! ఏ క్యాంపస్?”

“ఇంకా అనుకోలేదండీ. మీకు దద్దోజనం అందిందా?”

ఒక తండ్రి ఇంకాస్త తెగించి స్టీవ్ వాజ్నియాక్‌ని రంగంలోకి దించాడు. యాపిల్ కంపెనీ పెట్టిన ఇద్దరు స్టీవుల్లో ఒకాయన. కొలరాడోలో ఒక ఏడాది చదివి, వెనక్కొచ్చి డి ఆంజాలో చేరి, ఆ తర్వాతే బర్క్‌లీకి వెళ్లాడు. ఇదంతా చెప్పి గర్వంగా చుట్టూ చూస్తే, ఒక పెద్దాయన నిట్టూర్చాడు. “పాపం, కొలరాడోలో ఫెయిలయ్యాడేమో.”

నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది మన డిప్లొమా బ్యాచ్. పదో తరగతి కాగానే పాలిటెక్నిక్‌లో చేరి, మూడేళ్లు చదివి, ఈసెట్ రాసి, బీటెక్ సెకండియర్‌లోకి నేరుగా దిగినవాళ్లు. మొదటి నెలంతా “డిప్లొమా గాళ్లు” అంటూ వెనక బెంచీకి తోసేసిన క్లాసు, ల్యాబ్ ఎగ్జామ్ ముందురోజు రాత్రి వాళ్ల రూము ముందే బారులు తీరింది. ఎంసెట్‌లో ఊరంతా ర్యాంకుల కోసం కొట్టుకుంటుంటే పక్క గుమ్మంలోంచి నింపాదిగా లోపలికొచ్చిన ఆ మహానుభావులు ఇప్పుడు ఇక్కడ డైరెక్టర్లు. వాళ్ల అబ్బాయి డి ఆంజాకి వెళ్లి తర్వాత మారతానంటే, “మధ్యలో చేరితే ఎవరు గౌరవిస్తార్రా?” అని వాళ్లే అంటున్నారు. ఈ మాట అనే హక్కు వాళ్లకి కాక ఇంకెవరికుంటుంది!

కాబట్టి నా ప్రతిపాదన ఏమిటంటే, యూసీవాళ్లు ట్యాగ్ కాగితంతోపాటు ఒక ఫ్రేము కూడా ముందే పంపించాలి. “యూసీ డేవిస్ డాడ్” అని పెద్దక్షరాల్లో, “రెండేళ్ల తర్వాత” అని కింద చీమతలకాయంత. ఖర్చు మహా అయితే పాతిక డాలర్లు. అది వచ్చిన మర్నాడే సగం డిపాజిట్లు రద్దవుతాయి.

అప్పటిదాకా ఎలా నడుస్తుందో జూలైలో డి ఆంజా పార్కింగ్‌కి వెళ్లి చూడండి. బయటి రాష్ట్రాలకి వెళ్లిన పిల్లలు సెలవులకి ఇంటికొచ్చి, అక్కడ వేలు పోసి తప్పిన కోర్సును ఇక్కడ సమ్మర్ క్లాసులో వందల్లో కట్టేస్తుంటారు. ఒకే కాలిక్యులస్ క్లాసు. ముందు వరసలో యూసీ ట్రాక్, వెనక వరసలో లక్ష డాలర్లు. బయట రెండు టెస్లాలు పక్కపక్కనే ఆగాయి. ఇద్దరమ్మలూ ఒకేసారి అద్దాలు దించారు.

“మీరేంటండీ ఇక్కడ?”

“లైబ్రరీకండీ. మీరు?”

“మేమూ లైబ్రరీకేనండీ.”