పాపారాయుడి పస్తు

మా కుక్క పేరు పాపారాయుడు. బొబ్బిలిలో పుట్టాడు. నెలన్నర వయసులో మా బావ స్కూటరు ముందు గోనెసంచిలో కూర్చుని విజయనగరం వచ్చాడు. ఆ పేరు పెట్టింది మా బావే. 1757లో బొబ్బిలి కోట కూలిన తర్వాత తాండ్ర పాపారాయుడు రాత్రిపూట విజయనగరం రాజావారి గుడారంలో చొరబడ్డ కథ మా రెండు ఊళ్ళవాళ్ళకీ ఉగ్గుపాలతో పట్టిందే. "మీ ఊళ్ళో మావోడు ఒకడు ఉండాలి బావా" అని నా చేతిలో సంచి పెట్టి వెళ్ళిపోయాడు. వచ్చిన నాలుగో రాత్రే వాడు వంటింట్లో చొరబడి పెరుగు గిన్నె పడగొట్టాడు. పేరు మార్చాల్సిన అవసరం రాలేదు.

రెండేళ్ళొచ్చేసరికి వాడికి పెద్ద చెరువు గట్టు మీద స్నేహాలు పెరిగాయి. గేటు దూకి వెళ్ళడం, రెండు రోజులకి చెవి చిరిగి రావడం, మేం ఆటోలో వేసుకుని క్లినిక్కి పరిగెత్తడం. మూడోసారి కుట్లు వేస్తూ డాక్టరమ్మ మెల్లిగా చెప్పింది. "ఆపరేషన్ చేయించేయండి సార్. ఈ తిరుగుళ్ళు చాలావరకు తగ్గుతాయి. వీధికుక్కల్లో ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే గడ్డలుంటాయి, ఆ బెడదా తప్పుతుంది. అరగంట పని."

అరగంట పనే. దానికి మాకు పది రోజులు పట్టింది.

ముందు ఇంట్లో చెప్పాలి. మా నాన్నగారు జూట్ మిల్లులో ముప్ఫై ఒక్క సంవత్సరాలు టైమ్ కీపరుగా చేసి రిటైరయ్యారు. ఏ విషయమైనా గడియారం చూసి వింటారు. ఇది మాత్రం గడియారం వైపు చూడకుండా విన్నారు. "మా ఊళ్ళో కోడెలకి నొక్కించడం చూశానురా. ఆ రోజు అన్నం సయించలేదు నాకు" అని లేచి వరండాలోకి వెళ్ళిపోయారు. అమ్మ పాపారాయుడి తల నిమురుతూ "మనవల్ని చూసే యోగం లేదన్నమాట" అంది. ఎవరి మనవలో నేను అడగలేదు. బావకి ఫోన్ చేస్తే అవతల కాసేపు మాటే లేదు. తర్వాత ఒకే ఒక్క వాక్యం: "విజయనగరం వాళ్ళు మళ్ళీ మొదలెట్టారన్నమాట."

సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి ఖాయమైంది. డాక్టరమ్మ షరతు ఒక్కటే. ఆదివారం రాత్రి తొమ్మిది తర్వాత ఏమీ పెట్టకూడదు. నీళ్ళు తెల్లారి ఆరింటి వరకూ తాగొచ్చు. మత్తులో ఉన్నప్పుడు కడుపులో ఉన్నది పైకి తన్నితే మింగే శక్తీ ఉండదు, దగ్గే శక్తీ ఉండదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ప్రాణం మీదికొస్తుంది. ఇదంతా నేను ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. అందరూ తలలూపారు. పాపారాయుడు తోక ఊపాడు.

అది కార్తీక మాసమని నాకు గుర్తు లేకపోవడం నా తప్పే.

సోమవారం క్లినిక్‌లో డాక్టరమ్మ "ఏమైనా తిన్నాడా?" అని అడిగింది. "లేదండీ" అన్నాను, కాలేజీ రోజుల్లో కూడా అంత నమ్మకంగా జవాబు చెప్పి ఎరగను. ఆవిడ వాడి పై పెదవి ఎత్తి చూసింది. రెండు కోరల మధ్య పెసరపప్పు గింజలు మూడు, ఒక కరివేపాకు.

"ఉప్పుడుపిండా?" అంది డాక్టరమ్మ.

నేను అమ్మ వైపు చూశాను. ఆ రోజు అమ్మకి నక్షత్రాలొచ్చేదాకా ఉపవాసం. నాన్న టిఫిన్‌కని ఉప్పుడుపిండి చేసిందట. "నువ్వు అన్నం పెట్టొద్దన్నావు, పెట్టలేదు. ఇది ఫలహారమేగా. ఉపవాసంలో ఫలహారం చెయ్యొచ్చు, శాస్త్రంలోనే ఉంది. నేను పస్తుండి, ఇంట్లో మూగజీవాన్నీ పస్తు పెడితే నాకొచ్చే పుణ్యమేంటి?" అంది. డాక్టరమ్మ చిన్నపిల్ల. గరివిడి వెటర్నరీ కాలేజీలో ఐదేళ్ళు చదివింది కానీ ఫలహారానికీ అన్నానికీ ఉన్న తేడా అక్కడ చెప్పినట్టు లేదు. ఆవిడ ఏమీ అనలేక క్యాలెండరు తీసి "గురువారం రండి ఆంటీ" అంది.

గురువారానికి నేను జాగ్రత్త పడ్డాను. బుధవారం రాత్రి వంటింటికి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకుని పడుకున్నాను. అమ్మకి అవమానంగానే ఉంది కానీ ఓర్చుకుంది. ఈసారి క్లినిక్‌లో పెదవి ఎత్తి చూశారు, చిగుళ్ళు చూశారు. అంతా శుభ్రం. నాచేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అందులో 'గత పన్నెండు గంటలుగా ఆహారం ఇవ్వలేదు' అని ఒక వాక్యం ఉంది.

మత్తుకి ముందు ఒక సూది వేశారు. ఆ సూదికి కొన్ని కుక్కలు వాంతి చేసుకుంటాయట. ఐదు నిమిషాలకి పాపారాయుడి కళ్ళు వాలాయి, కాళ్ళు మడతపడ్డాయి, పొట్ట రెండుసార్లు ఎగిరింది. తర్వాత వాడు అరచేయంత వెడల్పున్న, గోధుమరంగు, జిగట వస్తువొకటి బల్ల మీద పెట్టాడు.

ఎవరూ మాట్లాడలేదు. డాక్టరమ్మ దాన్ని చిమటాతో ఎత్తి లైటుకి అడ్డంగా పట్టుకుంది. "తోలులా ఉంది. చెప్పు గానీ నమిలాడా? మీ పర్సు ఉందా సార్?" నేను జేబు తడుముకున్నాను. పర్సు ఉంది. "ఇంకా ముక్కలు లోపలుంటే పేగుకి అడ్డం పడతాయి. ఎక్స్‌రే తీద్దాం. అవసరమైతే పొట్ట కొయ్యాలి" అంటోంది. నాకు చెమటలు పట్టాయి. చిన్న ఆపరేషన్‌కని వస్తే ఇదేం గ్రహచారమని అమ్మ పైడితల్లి అమ్మవారికి మొక్కేసింది కూడా.

అప్పుడు, మూల నిలబడ్డ క్లినిక్ కుర్రాడు దగ్గరికొచ్చాడు. వంగి చూశాడు. కొంచెం వాసన చూశాడు.

"మేడమ్, ఇది తోలు కాదండి. తాండ్రండి."

"ఏంటి?"

"మామిడి తాండ్రండి. పొరలు సూడండి, ఎంత బాగా ఎండబెట్టారో. భీమాళి సరుకులాగుందండి."

వాడి గొంతులో గౌరవం చూసి నాకు ముచ్చటేసింది. వాళ్ళది ఆ చుట్టుపక్కల ఊరేనట.

పాపారాయుడి ఇంటిపేరు తాండ్ర అని వాణ్ణి మేం సరదాగా ఏడిపించేవాళ్ళమే కానీ, మా ఇంట్లో తాండ్ర అన్న వస్తువు అడుగుపెట్టి రెండేళ్ళయింది. నాన్నకి షుగరు బయటపడిన రోజునే అమ్మ డబ్బాతో సహా పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది. అందుకని మేమిద్దరం ఒక్క క్షణం ఎదురింటివాళ్ళని, వీధి చివర కిరాణా కొట్టువాణ్ణి అనుమానించాం. ఇలాంటప్పుడు మనిషి బుద్ధి ముందు పక్కింటికే పోతుంది. తర్వాత ఇద్దరం ఒకేసారి తల తిప్పి బయట బెంచీ మీద చూశాం. నాన్నగారు గోడ మీద రాసి ఉన్న గాలికుంటు వ్యాధి లక్షణాలు శ్రద్ధగా చదువుతున్నారు. మా ఇంట్లో ఆవు లేదు.

ఇక్కడ మా ఇంటి ఫిడేలు గురించి చెప్పాలి. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పాఠం చెప్పిన ఊరు మాది. పాత ఇళ్ళలో వెతికితే ఒక ఫిడేలు పెట్టె దొరుకుతుంది, వాయించేవాళ్ళే దొరకరు. మాకూ ఒకటుంది, తాతగారిది. ఆర్నెల్లుగా నాన్న రోజూ తెల్లారగట్ల ఆ పెట్టె తెరిచి, తలుపు దగ్గరగా వేసుకుని, తీగలు తుడుస్తున్నారు. "ఈ వయసులో సంగీతం మీద మనసు మళ్ళింది, అదృష్టం" అని అమ్మ నలుగురికీ చెప్పుకుంది. ఒక్క స్వరమూ ఎందుకు వినబడదని మాత్రం ఎవరం అడగలేదు. ఇంటికెళ్ళి పెట్టె తెరిస్తే కమాను పెట్టే అరలో ప్లాస్టిక్ కాగితంలో చుట్టి అరకేజీ తాండ్ర ఉంది. తీగలు నాలుగింటిలో మూడు ఎప్పుడో తెగిపోయాయి.

"వాడు చూసేశాడే. అరుస్తాడేమోనని ఒక ముక్క పడేశాను" అన్నారు నాన్న.

"ఎన్నాళ్ళ నుంచి పడేస్తున్నారు?"

"అయినా తొమ్మిది తర్వాత కదా పెట్టొద్దన్నారు. నేను ఎనిమిది యాభై ఐదుకి పెట్టాను" అన్నారు, మిల్లు గేటు దగ్గర నిలబడ్డ ఠీవితో. పెట్టింది రాత్రి ఎనిమిది యాభై ఐదుకైతే పొద్దున్నకి అంత బాగా పొరలు కనబడవని నేను చెప్పాల్సి వచ్చింది. మూడు నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు జీతం కోసిన మనిషి మొదటిసారి తన లెక్క తప్పని ఒప్పుకున్నారు. పాపారాయుడు మాత్రం మత్తు దిగక సోఫాలో గుర్రు పెడుతున్నాడు. సాక్ష్యం చెప్పిన అలసట.

అమ్మ తీర్పు ఆ సాయంత్రమే వచ్చింది. వచ్చే సోమవారం పాపారాయుడికి ఆపరేషన్, నాన్నకి పరగడుపున రక్తపరీక్ష. ఒకే రాత్రి ఇద్దరికీ పస్తు. కాపలా నేను.

ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ముగ్గురినీ మేడమీది గదిలోకి పంపి అమ్మ బయట గడియ పెట్టింది. లోపల రెండు మంచాలు, ఒక కుండ నీళ్ళు. తినేదేదైనా పైకి తెస్తే వాసనకే వీళ్ళిద్దరూ ఏమైపోతారో అని నాకూ అమ్మ ఏడున్నరకే వడ్డించేసింది. తెల్లారితే అమ్మకి మళ్ళీ కార్తీక సోమవారం. అంటే ఇంట్లో ఎవరి పొయ్యీ వెలగదు.

పదకొండింటి దాకా బాగానే ఉంది. తర్వాత చీకట్లో నా మీద ఎవరిదో చూపు పడుతున్నట్టు అనిపించి కళ్ళు తెరిచాను. నాలుగు కళ్ళు. రెండు మంచం మీది నుంచి, రెండు మంచం కిందనుంచి. ఏవి ఎక్కువ జాలిగా ఉన్నాయో ఇప్పటికీ చెప్పలేను.

"ఒరే, బిస్కెట్టు ఏమైనా ఉందా?" అన్నారు నాన్న.

"లేదు నాన్నా. పడుకోండి."

"నాక్కాదురా, వాడికి."

"వాడికి అసలు వద్దు."

కాసేపు నిశ్శబ్దం. గంటస్తంభం వైపు నుంచి లారీ ఏదో వెళ్ళిన చప్పుడు. మళ్ళీ నాన్నే. "షుగరు పరీక్షకి ఎనిమిది గంటల పస్తు చాలురా. వాడికి పన్నెండు, నాకు ఎనిమిది. అంటే నేను ఒంటిగంట దాకా తినొచ్చు, లెక్క ప్రకారం." లెక్క కరెక్టే. అందుకే నాకు కోపం వచ్చింది.

రెండున్నరకి మెలకువ వస్తే నాన్న నేల మీద కూర్చుని ఉన్నారు. పాపారాయుడు ఆయన ఒళ్ళో తల పెట్టుకున్నాడు. ఆయన వాడి చెవిలో ఏదో చెబుతున్నారు. మొత్తం వినబడలేదు గానీ, "బయట పెట్టకూడనిది బయట పెట్టావురా" అన్న ముక్క మాత్రం స్పష్టంగా వినబడింది.

ఆపరేషన్ గురించి చెప్పడానికి నిజంగా ఏమీ లేదు. వెంట్రుకలు గొరిగారు, మందు పూశారు, చిన్న కోత, నాలుగు కుట్లు. మత్తులో కూడా వాడి కళ్ళు తెరిచే ఉన్నాయి, ఆరిపోకుండా ఏదో జెల్ రాశారు. ల్యాబు నుంచి నేరుగా వచ్చిన నాన్న అద్దంలోంచి చూసి "నన్నే చూస్తున్నాడురా" అని పక్కకి తప్పుకున్నారు. డాక్టరమ్మ చిన్న స్టీలు పళ్ళెం తెచ్చి చూపించబోతే ఆయన మళ్ళీ గాలికుంటు వ్యాధి లక్షణాల్లో మునిగిపోయారు. ఈపాటికి ఆయన దాని మీద ఉపన్యాసం ఇవ్వగలరు.

కుట్లు నాకకుండా మెడకి పెద్ద ప్లాస్టిక్ గరాటు కట్టి పంపారు. పది రోజులు ఉంచాలన్నారు. సిరిమానోత్సవానికి స్తంభాలకి కట్టే మైకు ఒకటి కాళ్ళొచ్చి ఇంట్లో తిరుగుతున్నట్టు ఉండేది. తులసికోట మట్టి సగం దాంతోనే ఎత్తాడు. గుమ్మాలకి కొట్టుకుని, ఆగి, గుమ్మమే జరుగుతుందేమోనని ఎదురుచూసేవాడు. బావ వీడియో కాల్‌లో చూసి "కవచం తొడిగారేటి?" అన్నాడు. అప్పటికి కోపం తగ్గింది.

నాన్న రిపోర్టు మర్నాడు వచ్చింది. పరగడుపు షుగరు 138. "చూశావా, పెద్దగా లేదు" అన్నారు. కింద ఇంకో వరుస ఉంది: హెచ్‌బీఏ1సీ 9.1. అదేంటని అమ్మ అడిగితే నేను చెప్పాల్సి వచ్చింది. ఒక్క రాత్రి పస్తుతో దాన్ని మోసం చెయ్యలేం, సుమారు మూడు నెలల అటెండెన్సు చూపిస్తుంది. నాన్న ఆ అంకె వైపు చాలాసేపు చూశారు. గేటు దగ్గర తనలాంటి వాడొకడు ఇన్నాళ్ళూ తన ఒంట్లోనే కూర్చుని రిజిస్టరు రాస్తున్నాడని ఆయనకి అప్పుడే తెలిసింది. ఆ రాత్రి ఫిడేలు పెట్టె అమ్మ మంచం కిందికి మారింది.

నాలుగో రోజు మధ్యాహ్నం. అమ్మ హాల్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నాన్న పేపరు చదువుతున్నారు. పాపారాయుడు హాలు మధ్యలో కూర్చుని పైకి చూస్తున్నాడు, కదలకుండా. గరాటు నిట్టనిలువుగా అటక వైపు తిరిగి ఉంది, అచ్చం సిగ్నల్ దొరికిన డిష్షులా. బల్లి ఉందేమో అనుకున్నాం. నాన్న "పాపూ, ఇలా రా నాన్నా" అని పిలిచారు. రాలేదు. చిటికె వేశారు. రాలేదు. బంతి విసిరారు. బంతి వెళ్ళి గోడకి తగిలింది, గరాటు అంగుళం కూడా జరగలేదు.

అమ్మ చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టింది. లేచి వెళ్ళి పాపారాయుడి వెనక నిలబడి, ఒక కన్ను మూసి, గరాటు చూస్తున్న వైపే చూసింది.

"ఒరే, ఆ స్టూలు ఇలా తే" అంది నాతో.

"సంక్రాంతికి ఇంకా రెండు నెలలుంది కదే, బొమ్మల పెట్టె ఇప్పుడెందుకు?" అన్నారు నాన్న.

"బొమ్మల పెట్టె అని నేననలేదు కదండీ."