షఫుల్ గారికి ఒక వరస తప్పిన ఉత్తరం

పైథాన్ అనే కంప్యూటర్ భాషలో జాబితాలను కలిపిపెట్టే మహారాజశ్రీ షఫుల్ గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అంతా క్షేమమని రాద్దామంటే నా డేటా ఒప్పుకోవడం లేదు.

సైకాలజీ ల్యాబులో మీకు అప్పగించిన పని చిన్నదే. నలభై ముఖాల ఫొటోలు. సగం కోపంగా, సగం మామూలుగా. ఫొటో పడగానే మనిషి బటన్ నొక్కాలి, మేం మిల్లీసెకన్లు లెక్కపెట్టుకోవాలి. ముప్పయ్యో ఫొటో దగ్గరికొచ్చేసరికి ఎవరికైనా ఆవలింతలొస్తాయి. కోపం ముఖాలన్నీ చివర పడితే ఆ నిద్రమత్తును కోపం ఖాతాలో రాసేస్తాం. అందుకే పేకముక్కల్లా కలపమన్నాం.

మీ వంశం గొప్పదే, కాదనను. 1938లో గణాంక శాస్త్రవేత్తలు ఫిషర్, యేట్స్ కాగితం మీద చేసి చూపిన పద్ధతిని 1964లో డర్‌స్టెన్‌ఫెల్డ్ కంప్యూటర్‌కి పనికొచ్చేలా దిద్దాడు. నలభై ఫొటోలను ఎన్ని వరసల్లో పేర్చొచ్చో రాస్తే 48 అంకెల సంఖ్య వస్తుంది. అంత ఆస్తి ఉన్నవారు పైథాన్‌లో నాకు చేసిందేమిటి? సామానంతా లోపల సర్దేసి, గుమ్మంలో ఖాళీ సంచీ చేతిలో పెట్టారు. జాబితాను ఉన్నచోటే కలిపేసి, తిరిగిచ్చేది మాత్రం 'నన్' (None), అంటే 'ఏమీ లేదు' అట! ఆ 'నన్'నే భద్రంగా దాచుకుని, ఫొటోలేవీ అని రాత్రి రెండింటిదాకా వెతికాను.

తర్వాతిది నా తప్పే. టెస్టింగ్ కోసం, ప్రతిసారీ ఒకే వరస వచ్చేలా చేసే 'సీడ్' అనే సంఖ్యను 42 అని రాసి, తీసెయ్యడం మర్చిపోయాను. మీరు కనీసం ఒకసారి దగ్గొచ్చు కదండీ? పదకొండు మంది అయిపోయాక, క్యాంటీన్లో పక్క బల్ల దగ్గర ఇద్దరు హాస్టల్ కుర్రాళ్లు:

"నీకు ఫస్ట్ ఎవరొచ్చార్రా?"

"గుబురు మీసాలాయన."

"నాకూ ఆయనే! తర్వాత కళ్లజోడావిడ?"

"ఆఁ, ఆవిడే."

నా టీ చేతిలోనే చల్లారిపోయింది.

సీడ్ తీసేశాను. పన్నెండో మనిషికి వరసగా ఆరు కోపం ముఖాలు చూపించారు. "ఎవరో ఇంటిల్లిపాదీ కలిసి తిట్టినట్టుందక్కా" అని లేచి వెళ్లిపోయాడు. మా గైడ్ మేడమ్ ఆ వరస చూసి, "ఇది రాండమ్ ఎలా అవుతుందమ్మా?" అన్నారు. నాణెం ఎగరేస్తే వరసగా ఆరు బొమ్మలు పడొచ్చు కదా మేడమ్ అన్నాను. "పడొచ్చు. మన దగ్గర పడకూడదు." సంబంధాలు చూసేటప్పుడు 'మాకేం పట్టింపుల్లేవండీ' అంటూ మొదలుపెట్టేవాళ్లు గుర్తొచ్చారు.

సరే, ఒకే రకం వరసగా మూడు వస్తే పారేసి మళ్లీ కలపమని కోడ్ రాశాను. లెక్క కట్టి చూస్తే, మేడమ్ మెచ్చే వరస ఒక్కటి రావడానికి సగటున మీరు 1,470 సార్లు కలపాలి. మీకది రెప్పపాటు పనే అనుకోండి. అయినా పాపం అనిపించింది. దీన్ని థీసిస్‌లో 'సూడో రాండమ్', అంటే షరతులు పెట్టిన రాండమ్, అని రాస్తాను. చదవడానికి బాగానే ఉంటుంది.

ఆ పదకొండు మందీ ఇక పనికిరారు, ముఖాలన్నీ చూసేశారు. రేపు ఉదయం 9 గంటలకి కొత్తమ్మాయి వస్తోంది. మొదట మీసాలాయన్ని మాత్రం పంపకండి. మిమ్మల్ని ఇలా అడక్కూడదని తెలుసు. అయినా అడుగుతున్నాను.

ఇట్లు,
నలభై ముఖాలూ కంఠస్థమైపోయిన
ఒక పరిశోధక విద్యార్థిని