సంక్రాంతి అల్లుడిలాంటి పీక్ లోడ్ గారికి

అయ్యా,

వీధంతా ఒక్కసారే కరెంటు వాడే వేళ పడే భారమే తమరు. నిన్న రాత్రి ఏడున్నరకు వేంచేశారు. మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు ఎగిరిపోయింది. దోమలు కొట్టుకుంటూ ఈ ఉత్తరం మనసులో రాసుకున్నాను.

అల్లుడు పండక్కి మూడు రోజులుంటాడని మేడ మీద గది వేయించే మామగార్లున్నారు. మిగతా ఏడాదంతా అందులో పావురాలు కాపురముంటాయి. తమరికీ అలాంటి మామగారే దొరికారు. వేసవిలో కొన్ని సాయంత్రాలు, రెండు మూడు గంటల మర్యాద కోసం 100 కేవీఏ సామర్థ్యమున్న ట్రాన్స్‌ఫార్మర్ తీసేసి కరెంటు ఆఫీసు వాళ్లు 160ది పెడతారట. అది వీధంతా నిద్రపోయినా కొంత కరెంటు మింగుతూనే ఉంటుంది. ఇంజినీర్లు ఐరన్ లాస్ అంటారు. మధ్యాహ్నం మాత్రం మా మేడల మీది సౌర విద్యుత్తు వాడేవారు లేక కరెంటు లైన్లలోకి వెనక్కి నడుస్తుంది.

తమరు 20 కిలోవాట్లు అదనంగా ఆరగించినా మూడు గంటలకు 60 యూనిట్లు. మధ్యాహ్నపు ఎండను బ్యాటరీలో దాచి వడ్డించకూడదా అని ఆ ఆఫీసు వాళ్లను అడిగాను. ఢిల్లీలోని కిలోకరీలో 2025లో 20 మెగావాట్ల బ్యాటరీ పెట్టారు, రెండు గంటలు ఆదుకుంటుంది. "బ్యాటరీ ఖరీదండీ" అన్నారు. నిజమే, అరుగుతుంది కూడా. ట్రాన్స్‌ఫార్మర్‌లోని రాగి, ఇనుము మాత్రం అలవాటైన ఖర్చు గనుక ఎవరికీ ఖరీదనిపించవు.

పోనీ, మేమే సర్దుకుందామా? 2023 నాటి కేంద్ర నిబంధనలు కరెంటు ధరలో ఎండ ఉండే సౌర వేళల్లో కనీసం 20 శాతం తగ్గింపు, తమరి వేళలో ఇళ్లకు కనీసం 10 శాతం అదనపు వడ్డన అన్నాయి, ఏ వేళ ఎంత వాడామో లెక్కపెట్టే స్మార్ట్ మీటరుంటేనే. బోరు మోటారు మధ్యాహ్నం వేద్దాం, స్కూటర్ల చార్జింగ్ పదకొండు దాటాక పెట్టుకుందాం అని అపార్ట్‌మెంట్ సమావేశంలో అన్నాను. "మా ఇష్టం వచ్చినప్పుడు వాడుకోకపోతే కరెంటెందుకు?" అన్నారొకాయన.

మా నాన్నగారికి ఆ ప్రశ్న తట్టలేదు. పొలానికి కరెంటు వంతుల మీద వచ్చేది. తమరు పట్నంలో భోంచేసి పడుకున్నాక, అర్ధరాత్రి టార్చిలైటుతో గట్టు మీద నడిచి మోటారు వేసేవారు. పాము అడ్డొస్తే అది వెళ్లేదాకా ఆగేవారు. కరెంటున్న వేళకు వాడకాన్ని జరుపుకునే ఆ పనిని ఫ్లెక్సిబిలిటీ అంటారని ఆయనకెవరూ చెప్పలేదు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి పగలే 9 గంటలు. తెలంగాణలో 2018 నుంచి 24 గంటలు. తమరి కోసం నిద్ర మానుకునేవారు తగ్గిపోయారు.

రేపటినుంచి మా బోరు మోటారు మధ్యాహ్నం రెండింటికి నేనే వేస్తాను. ట్యాంకు పొర్లితే తిట్లు నావి.

ఇట్లు,
మూడో అంతస్తు