మహారాజశ్రీ ఖరీదైన కెపాసిటర్ గారికి

హైదరాబాద్

అయ్యా,

ఉభయకుశలోపరి. తమరు మా ఇంటికి వేంచేసినప్పటి నుంచి మా బావమరిది కాలు నేల మీద ఆనడం లేదు. తమరు దిగిన పెట్టె నేనూ చూశాను. నల్లటి స్పాంజి, మధ్యలో గుంట, అందులో వెండి తీగతో తమరు. నా పెళ్లి ఉంగరం కూడా అంత వైభవంగా రాలేదు.

తమరు ఎవరి కుర్చీ లాక్కున్నారో చెప్తాను. ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరికిన ఒక జత ఇంగ్లండ్ స్పీకర్లలో, స్వరాలను పెద్ద, చిన్న స్పీకర్లకు పంచే క్రాసోవర్ బోర్డు మీద, ఎండి పెళుసుబారిన పసుపు జిగురు మధ్య ఒక ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఉండేది. ఒంటి మీద 6.8 మైక్రోఫారడ్ (దాని కొలత) అని రాసుంది. మీటరు పెడితే 8.5 చూపించింది. లోపలి తడి ఏళ్ల తరబడి చెడిపోతే అంతే మరి. విలువ తప్పుతుంది, ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) పెరుగుతుంది, సన్నటి స్వరాలు పలికే చిన్న స్పీకర్, అదే ట్వీటర్, గొంతు మూగబోతుంది. దానికి రిటైర్‌మెంట్ ఇవ్వాల్సిందేనని నేనూ ఒప్పుకున్నాను. నా పేచీ అంతా ఆ కుర్చీలోకి వచ్చినవారి దర్జాతోనే.

తమరి ఉద్యోగం ఏమిటండీ? బరువైన స్వరాలను గుమ్మంలోనే ఆపి, సన్నటివాటిని ట్వీటర్‌కి పంపడం. కాయిల్ సంగతి పక్కన పెడితే, 8 ఓంల ట్వీటర్ ముందు 6.8 మైక్రోఫారడ్ పెడితే సుమారు 2,900 హెర్ట్జ్ దగ్గర ఆ గుమ్మం పడుతుంది. ఆ లెక్కలో తమరి వెండి తీగ ఎక్కడుందో నాకైతే కనబడలేదు. కోఠి గుజరాతీ గల్లీలో రెండు మామూలు 3.3 మైక్రోఫారడ్ ప్లాస్టిక్ పొర పాలీప్రొపిలీన్‌లు కొని పక్కపక్కన కలిపితే 6.6 అవుతుంది. తేడా మూడు శాతం. కొట్టతను వాటిని పేపర్లో చుట్టి ఇస్తాడు, స్పాంజి ఉండదు.

అన్నట్టు, మా హాల్లో సీలింగ్ ఫ్యాన్ నెత్తిన ఒక 2.5 మైక్రోఫారడ్ ఉంది. అదీ పాలీప్రొపిలీనే, అంటే తమరి చిన్నాన్న కొడుకు. ఫ్యాన్ నీరసించినప్పుడు ఎలక్ట్రీషియన్ వచ్చి, స్టూలెక్కి, కొత్తది బిగించి దిగిపోతాడు. "రెండొందల గంటలు తిరిగితే గానీ గాలిలో మాధుర్యం రాదు సార్" అని ఇంతవరకూ ఒక్కడూ అనలేదు.

తమరికి మాత్రం ఆ రెండొందల గంటలు కావాలట, బర్న్-ఇన్ అట. అవి పూర్తయ్యేలోపు వాపసు ఇచ్చే గడువు హాయిగా దాటిపోతుంది. ఈలోగా మారేది తమరో, వినేవాడి చెవో తేల్చే దిక్కు లేదు. ఒక స్పీకర్ పెట్టెలోనే కెపాసిటర్ మార్చి, రెండోది పాతదానితోనే ఉంచి, ఒకే మోనో పాటను అటూ ఇటూ తిప్పి విందామన్నాను. "బావా, నీకు నమ్మకం లేదు" అన్నాడు బావమరిది. నేనేదో గుడికి రానన్నట్టు.

పోనీ, వచ్చినవారు ఊరుకున్నారా? పాతదానికి ఎంతో కొంత సొంత నిరోధం ఉండేది. స్పీకర్ తయారుచేసినవాళ్లు దాన్ని కూడా కలుపుకునే ట్వీటర్ స్థాయి కుదిర్చారు. తమరిలో అది దాదాపు సున్నా. దాంతో తాళాలు, గజ్జెలు చెవిలో పొడుస్తున్నాయి. దాన్ని మావాడు డీటెయిల్ అంటున్నాడు. వరసలో ఒక ఓం, ఒకటిన్నర ఓం రెసిస్టర్ వేస్తే సర్దుకుంటుందిరా అంటే, "సంగీతానికి అడ్డం పెడతావా?" అని కళ్లెర్ర చేశాడు. 1970ల్లో బీబీసీ ఇంజనీర్లు ఎల్ఎస్3/5ఏ అనే చిన్న స్పీకర్ తయారుచేసినప్పుడు, ట్వీటర్ స్థాయి సరిచేయడానికే క్రాసోవర్‌లో ట్యాపులున్న (మధ్యమధ్యలో తీగలు బయటికి తీసిన) కాయిల్ పెట్టారు. వాళ్లకూ సంగీతం మీద పగే కాబోలు. అదే కాలపు జేబీఎల్ ఎల్100 స్పీకర్లో అయితే బరువైన స్వరాలు పలికే వూఫర్‌కు ఫిల్టరే లేదు, వైరు నేరుగా వెళ్తుంది. అటువైపు తమరికి ఉద్యోగం దొరకదు.

అసలు ఘనకార్యం తర్వాత జరిగింది. తమరిని అతికిస్తూ మావాడు ట్వీటర్ వైర్లు చూశాడు. ప్లస్సు వైరు మైనస్సుకి ఉంది. "ఫ్యాక్టరీవాళ్ల తప్పు బావా, నలభై ఏళ్లుగా ఎవడూ చూడలేదు!" అని సంబరంగా తిప్పి పెట్టేశాడు. కాయిల్, కెపాసిటర్ రెండూ ఉన్న ఇలాంటి 12 డీబీ క్రాసోవర్‌లో, ట్వీటర్, వూఫర్ స్వరాలు కలిసే చోట వాటి ఫేజు (అలల ఊపు) ఒకదానికొకటి ఎదురవుతుంది. అందుకే ట్వీటర్‌ని కావాలనే తిరగేసి కలుపుతారు. దాన్ని 'సరిచేస్తే' సరిగ్గా ఆ మూడు వేల హెర్ట్జ్ దగ్గర గొయ్యి పడుతుంది. మనిషి చెవి బాగా చురుగ్గా ఉండేదీ ఆ చుట్టుపక్కలే. ఘంటసాల పద్యం పెడితే ఆయన పక్క గదిలో, తలుపు వేసుకుని పాడుతున్నట్టుంది.

మావాడు కంగారుపడలేదు. "ఇంకా బర్న్-ఇన్ అవ్వలేదు" అన్నాడు.

అతను ఆఫీసుకి వెళ్లిన రోజు చూసి వైర్లు మళ్లీ యథాస్థానంలో పెట్టాను, రెసిస్టర్లు కూడా వేశాను. చెప్పలేదు. సాయంత్రం వచ్చి పాట పెట్టి, కళ్లు మూసుకుని, "విన్నావా? గంటలు పూర్తయ్యాయి!" అన్నాడు. మా ఆవిడ కూడా తలూపింది. ఖ్యాతి మొత్తం తమరి ఖాతాలోనే పడింది.

ఇప్పుడు వూఫర్ వైపు కూడా తమరి వంశంవారే కావాలంటున్నాడు. అక్కడ కావాల్సింది 47 మైక్రోఫారడ్. తమరి జాతిలో ఆ సైజువారు వస్తే స్పీకర్ పెట్టెలో గాలికి కూడా చోటుండదు, నా పర్సులో అంతకన్నా ఉండదు. కాబట్టి దయచేసి, పండగ బోనస్ పడే నెల దాటేదాకా, తమరంతా 'స్టాక్ లేదు' అని బోర్డు పెట్టుకోగలరు.

ఇట్లు,
సోల్డరింగ్ ఐరన్ యజమాని