దవడ ముక్కకు దేశభక్తి అక్కర్లేదు

‘మన గోదావరి లోయలోనూ ఎగిరే డైనోసార్ తిరిగింది’ అన్న సందేశం మా హైదరాబాద్ మిత్రుల గ్రూపుల్లో మళ్లీ చక్కర్లు కొడుతోంది. చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

ఆ సందేశం చెప్పేది టెరోసార్ల గురించి. ఈ ఎగిరే సరీసృపాలు డైనోసార్లు కావు, వాటి దగ్గరి చుట్టాలు మాత్రమే. ఈ తప్పును క్షమించవచ్చు. 1784లో తొలి టెరోసార్ శిలాజాన్ని వర్ణించిన ప్రకృతి పరిశోధకుడు కొలీనీ దాన్ని సముద్రజీవి అనుకున్నాడు. ఎగిరే సరీసృపమని 1801లో ఫ్రెంచి శాస్త్రవేత్త క్యువియే తేల్చాడు.

నా కోపమంతా గోదావరి మీద పెట్టిన ఆ ధీమా గురించే. దానికి ఆధారం గోదావరి లోయలోని కోటా శిలాస్తరాల్లో (జురాసిక్ కాలపు రాతి పొరల్లో) దొరికిన ఒక దవడ ముక్క. 1974లో శిలాజ శాస్త్రవేత్త ఎస్.ఎల్. జైన్ దానికి క్యాంపిలోగ్నథాయిడెస్ ఇండికస్ అని పేరు పెట్టారు. క్యాంపిలోగ్నథాయిడెస్ అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) జర్మనీ శిలాజాలతో ఏర్పడినది. తరువాత అమెరికా శిలాజ శాస్త్రవేత్త కెవిన్ పాడియన్ ఆ దవడ ముక్కను మళ్లీ పరిశీలించి, ముక్క ఆ ప్రజాతిదని చెప్పలేమని, అసలు టెరోసారే కాకపోవచ్చని అన్నారు. అది ఏ చేపదో కావచ్చు; కోటా సున్నపురాళ్లలో చేపల శిలాజాలకు కొదవ లేదు మరి! అయినా ‘భారతీయ టెరోసార్’ అన్న గర్వం కోసం ఆ పేరును పట్టుకు వేలాడుతున్నాం.

టెరోసార్‌ను రూఢి చేసే ఎముకలు వేరే ఉన్నాయి. రెక్కను మోసేది విపరీతంగా సాగిన నాలుగో వేలు. దాన్ని పట్టుకునే అరచేతి ఎముక చివర బావి గిలకలా గాడి పడి ఉంటుంది. వేలు అక్కడే మడుచుకుంటుంది. ఆ ఒక్క కొస దొరికినా చాలు, చేపా మొసలా అన్న సందేహం ఉండదు. కానీ ఇవి లోపల బోలుగా, కాగితమంత పలుచని గోడలతో ఉండే ఎముకలు. రాతి బరువుకు నుజ్జయిపోతాయి. అందుకే ముక్కలే మిగులుతాయి, ముక్కలకే పేర్లు పుడతాయి. ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ దగ్గర దొరికిన తునకలకు 19వ శతాబ్దంలో శిలాజ శాస్త్రవేత్త సీలీ బోలెడు జాతుల పేర్లు పెట్టాడు. వాటి చిక్కుముడి విప్పడానికి తరువాతి తరాలు తంటాలు పడ్డాయి. జర్మనీలోని జోల్న్‌హోఫెన్‌లోనైతే పిల్ల టెరోసార్లను కూడా వేరే జాతులుగా లెక్కేశారు.

పేరు పెట్టినవారికి చప్పట్లు కొట్టి, పేరు తీసేసినవారిని దేశద్రోహుల్లా చూడటం నాకు సహించదు. పేరు తీసేయడమే కష్టమైన పని.

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరాన్ని చూడండి. అదీ కోటా స్తరాలదే, తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర దొరికింది. కనీసం 12 జంతువుల ఎముకలు కూడితే గానీ శిలాజ శాస్త్రవేత్త యాదగిరి గారు 1988లో దానికి పేరు పెట్టలేదు. అప్పటికీ పుర్రె దొరకలేదు. ఆ అస్థిపంజరానికిచ్చే నమ్మకాన్నే ఈ దవడ ముక్కకూ ఇమ్మంటే నేను ఒప్పుకోను.