ఏం వింటావని నన్ను ఒక్కరూ అడగరు

ఇప్పుడే విశాఖ డాబాగార్డెన్స్ నుంచి వచ్చాను. ఒళ్లు మండిపోతోంది, ఇంకా మంచినీళ్లు కూడా తాగలేదు.

పాటల సెట్టు కొందామని మా ఆయనతో ఒక షాపుకి వెళ్లాను. డబ్బు నాది, వినేది నేను. సేల్స్ కుర్రాడు మాత్రం మొదటి నుంచీ ఆయన మొహం చూసే మాట్లాడాడు. టీవీ కింద సౌండ్‌బార్, నేల మీద బరువు నాదం పలికించే పెట్టె, అదే సబ్‌వూఫర్, పెట్టి డీజే పాట వేశాడు. షోకేసు అద్దాలు అదిరాయి. "బేస్ చూశారా సార్!" అన్నాడు. మాండలిన్ శ్రీనివాస్ కచేరీ పెట్టమని నా ఫోన్ ఇచ్చాను. "మేడమ్‌కి ఇలాంటివైతే చిన్న బ్లూటూత్ చాలు సార్." అదీ ఆయనతోనే!

చిన్నది చాలా? పాలకొల్లులో పుట్టిన ఆ మహానుభావుడు వాయించింది ఎలక్ట్రిక్ మాండలిన్ బాబూ. మామూలు మాండలిన్‌లో తీగ మీటగానే నాదం ఆరిపోతుంది. ఆంప్లిఫయర్ తోడైతేనే గమకం అంత సాగుతుంది.

పట్టుబట్టి వేయించాను. రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టుంది. మృదంగం ఎడమ చేతి దెబ్బ నేల మీద పెట్టెలో, కుడి చేతిది టీవీ కింద. బరువు నాదానికీ సన్న నాదానికీ మధ్యలో ఏమీ లేదు. గొంతుకీ తీగకీ ప్రాణం ఆ మధ్యలోనే ఉంటుంది. రాక్ గిటార్ కూడా అంతే, దాని కసి అంతా మధ్య స్థాయిలోనే. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్, అంటే సెకనుకి 41 కంపనాలే, అంత బరువు నాదం, దానికి మాత్రం పెద్ద వూఫర్ కావాలి. ఎవరు వినేదాన్ని బట్టి వాళ్లకి సెట్టు. ఇంత చిన్న విషయం అమ్మేవాళ్లకి తెలియదా? పైగా అట్టపెట్టె మీద పీఎంపీఓ అని, క్షణకాలపు గరిష్ఠం పేరుతో గొప్పకి వేసే లెక్క, వేల వాట్లు! ఆగకుండా నిజంగా ఇచ్చే వాట్లు, అదే ఆర్‌ఎంఎస్, ఎంతంటే నోరు లేవదు. వాట్లు రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి కాస్త తేడా అంతే.

ఇదంతా నాకు నేర్పింది నాన్న. ఉక్కునగరం క్వార్టర్‌లో ఆంప్లిఫయర్, రెండు చెక్క బాక్సులు ఉండేవి. సముద్రపు గాలికి వైరు కొసలు పచ్చబడితే బ్లేడుతో గీకి, రాగి మెరిసేదాకా ఆగి, నా చేత బిగించేవారు. "ఎర్రది ఎర్రదానికే అమ్మా, ఒక్క బాక్సుకి తారుమారైతే బేస్ చచ్చిపోతుంది" అనేవారు. బాక్సు ముందు గుడ్డకి పట్టిన దుమ్ము పాత టూత్‌బ్రష్‌తో దులపడం నా పని.

నాన్న పోయిన నెలకి అన్నయ్య వాటిని పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. తూకానికి! నాకు ఒక్క ఫోన్ చేయలేదు. అడిగితే "నీకెందుకే, సెల్‌లో వింటున్నావుగా" అన్నాడు. ఈ రోజు ఆ కుర్రాడు అన్న మాటే. అన్నయ్య ఎప్పుడో అన్నాడు.

రేపు ఇంకో షాపుకి వెళ్తున్నాను, ఒక్కదాన్నే. ఆంప్లిఫయర్, రెండు బాక్సులే కొంటాను, మొదట నా కచేరీ వేయించాకే.

అన్నయ్యా, ఇది నువ్వు చదువుతావని తెలుసు. ఆ పాత సామాన్లవాడు నీ చేతిలో ఎంత పెట్టాడో ఇప్పటికైనా చెప్పు.