సైకిల్ దొంగల కంటే ముందు డి సికా ఒక పాటగాడు

ఇటలీ డైరెక్టర్ విట్టోరియో డి సికా అనగానే మన సినిమా పిచ్చోళ్ళందరి నోట్లోంచి వచ్చే మొదటి మాట 1948 నాటి బైసికిల్ థీవ్స్. సత్యజిత్ రే 1950లో లండన్‌లో అది చూశాడు, 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ ఫిల్మ్ ఫెస్టివల్లో అది బొంబాయిలో ఆడింది, ఆ ఫెస్టివల్ మద్రాసు దాకా కూడా వచ్చింది, అప్పటికి మన తెలుగు సినిమా కాపురం మద్రాసులోనే కాబట్టి ఆ గాలి మనవాళ్ళకీ తగిలింది. ఇంతవరకు బానే ఉంది. కానీ ఆ సినిమాకి పదహారేళ్ళ ముందే ఇటలీ అంతటికీ ఈయన మొహం తెలుసు, గొంతు తెలుసు. డైరెక్టర్‌గా కాదు, పాట పాడే చాక్లెట్ హీరోగా.

ఈ సంగతి చెప్పేవాళ్ళు కూడా దాన్నొక కుర్రతనపు తప్పులాగే చెబుతారు. ముందు ఏవో తేలిక పాటలు పాడుకుంటూ తిరిగాడు, యుద్ధం వచ్చింది, కళ్ళు తెరుచుకున్నాయి, గొప్ప సినిమాలు తీశాడు, తర్వాత మళ్ళీ డబ్బు కోసం దిగజారాడు, ఇదీ కథ. వేశ్య ఇంట్లో ఆస్తి తగలేసినవాడు ఇంటర్వెల్ తర్వాత మహాభక్తుడైపోయే మన పాత సినిమాల టైపులో ఉంటుంది. నాకైతే ఈ కథ మీద ఎప్పుడూ నమ్మకం కుదరలేదు, ఎందుకంటే ఆ పాటగాడు ఎక్కడికీ పోలేదు, చివరిదాకా ఆ సినిమాల్లోనే ఉన్నాడు.

పుట్టింది 1901 జూలై 7న, రోమ్‌కీ నేపుల్స్‌కీ మధ్యలో సోరా అనే చిన్న ఊళ్ళో. తండ్రి ఉంబెర్తో బ్యాంక్ ఆఫ్ ఇటలీలో గుమాస్తా, తల్లిది నేపుల్స్ వైపు, కుర్రాడు పెరిగింది ఎక్కువగా నేపుల్స్, ఫ్లోరెన్స్, రోమ్‌లలో. అకౌంటెన్సీ చదివాడు, అంటే తండ్రిలాగే ఏదో బ్యాంకు కుర్చీలో సెటిల్ అవ్వాల్సినవాడే. 1917లో ఒక మూకీలో చిన్న వేషం వేశాడు, 1923లో తత్యానా పావ్లోవా నాటక కంపెనీలో చేరాడు. ఇక బ్యాంకు ఊసు లేదు.

ఇప్పుడు గొంతు సంగతి. ఇటలీలో పాట అంటే అప్పటిదాకా ఒపేరా టెనార్, అంటే పై స్థాయిలో పాడే మగ గొంతు, థియేటర్ చివరి బెంచీ వాడికి కూడా గుండెలో తగిలేలా ఊపిరంతా బిగబట్టి పాడాలి, మన రంగస్థలం మీద పద్యం ఎత్తుకుని రాగం లాగి వన్స్‌మోర్ కొట్టించుకునే నటుడిని గుర్తు తెచ్చుకోండి, దాదాపు అదే లెక్క. 1920ల మధ్యలో ఎలక్ట్రిక్ రికార్డింగ్ వచ్చింది, తర్వాత టాకీ వచ్చింది, మైక్ ముందు గొంతు చించుకోవాల్సిన పని లేకుండా పోయింది. డి సికాది పెద్ద గొంతేం కాదు, సగం పాట సగం మాట, పక్కన కూర్చుని చెవిలో చెబుతున్నట్టుంటుంది. ఒపేరా కొలతలో చూస్తే అది లోపం, మైక్ ముందు మాత్రం అదే పెట్టుబడి. మారియో మత్తోలి నడిపిన జా-బూమ్ అనే రివ్యూ కంపెనీలో ఉంబెర్తో మెల్నాతితో కలిసి కామెడీ స్కెచ్‌లు వేస్తూ పాటలు పాడాడు, ఆ రికార్డులు జనంలోకి వెళ్ళాయి. ఈ రివ్యూ అనే సరుకు ఏంటంటే ఒక స్కెచ్, ఒక పాట, ఒక డ్యాన్స్, మళ్ళీ స్కెచ్, జనం బోర్ ఫీలయ్యేలోపు ఐటెం మారిపోవాలి. టైమింగ్ నేర్చుకోడానికి అంతకన్నా మంచి స్కూల్ ఉండదు.

ఇటలీ మొదటి టాకీ 1930లో వచ్చింది, మనకి భక్త ప్రహ్లాద 1932లో. అదే 1932లో మారియో కామెరీని తీసిన ఒక సినిమా వచ్చింది, పేరుని తెలుగులో చెప్పాలంటే 'మగాళ్ళు ఎంత దొంగవెధవలో' అనొచ్చు, వెనిస్ ఫెస్టివల్ మొదలైందే ఆ ఏడాది, ఆ మొదటి బ్యాచ్‌లోనే ఇదీ ఆడింది. డి సికా అందులో బ్రూనో అనే డ్రైవరు. పెర్ఫ్యూమ్ షాపులో పనిచేసే మరియూచ్చాని ఇంప్రెస్ చేయడానికి ఓనరు కారుని సొంత కారులా పోజు కొట్టి సరస్సుల వైపు షికారుకి తీసుకెళ్తాడు, అక్కడ డ్యాన్స్ చేస్తూ మెల్లగా ఒక పాట అందుకుంటాడు, పార్లామి దామోరె మరియూ, అంటే 'నాతో ప్రేమ గురించి మాట్లాడు మరియూ'. ట్యూన్ బిక్సియోది, మాటలు ఎన్నియో నేరివి. ఆ పాటని తర్వాత ఎంతమంది పాడారో లెక్కలేదు, టెనార్లు కూడా పాడారు, కానీ వాళ్ళు పాడితే అది ప్రకటనలా ఉంటుంది, ఈయన పాడితే పిల్లని బతిమాలుతున్నట్టు ఉంటుంది.

ఆ తర్వాత సినిమాలో ఏమవుతుంది? అబద్ధం బెడిసికొడుతుంది, కారు గుద్దేస్తాడు, ఉద్యోగం పోతుంది, పని కోసం మిలాన్‌లో తిరుగుతాడు, షూటింగ్ కూడా చాలావరకు నిజం మిలాన్ వీధుల్లో, అక్కడి ట్రేడ్ ఫెయిర్‌లో. ఒక బండి, ఒక ఉద్యోగం, ఊరంతా తిరుగుడు. ఎక్కడో విన్నట్టు లేదూ?

1948లో అదే మనిషి కెమెరా వెనక నిలబడి తీసింది కూడా బండి పోతే ఉద్యోగం పోయే మనిషి కథే కదా. తేడా ఏంటంటే 1932లో బండి ఓనరుది, హీరోకి పాట ఉంది, చివర్లో పిల్ల దొరుకుతుంది. 1948లో బండి దుప్పట్లు తాకట్టు పెట్టి విడిపించుకున్న పాత సైకిల్, పాట అతని దగ్గర లేదు. పాటలు మాత్రం సినిమాలో ఉన్నాయి, చూసినవాళ్ళు మళ్ళీ ఒకసారి చూడండి. సైకిల్ పోయాక హీరో రిచ్చి సాయం కోసం స్నేహితుడు బయోక్కో దగ్గరికి వెళ్తే ఆ బేస్‌మెంట్‌లో రివ్యూ రిహార్సల్ జరుగుతూ ఉంటుంది, ఇతని బతుకు తగలబడుతుంటే అక్కడ ఒకడు పాట లైను తప్పు పాడి మళ్ళీ మళ్ళీ దిద్దించుకుంటుంటాడు. జా-బూమ్‌లో ఏళ్ళు గడిపినవాడు తప్ప ఆ సీన్ అలా ఇంకెవరు తీస్తారు! తర్వాత హోటల్ సీన్, తండ్రీకొడుకులు చేతిలో ఉన్న కాస్త డబ్బుతో తింటుంటే పక్కన బ్యాండ్ నేపుల్స్ పాట తమ్మురియాతా నేరా హుషారుగా వాయిస్తుంది, పక్క టేబుల్ మీద డబ్బున్న పిల్లాడు ఈ పిల్లాడి వైపు చూస్తాడు. ఏడుపు సంగీతం పెట్టాల్సిన చోట హుషారు పాట పెట్టాడు.

ఇంకోటి, రిచ్చి ఉద్యోగం గోడల మీద పోస్టర్లు అంటించడం, సైకిల్ పోయేది హాలీవుడ్ స్టార్ రీటా హేవర్త్ పోస్టర్ అంటిస్తుండగా. గోడ మీద సినిమా స్టారు నవ్వుతుంటే కింద ఒకడి కూడు పోతుంది, తీసిందేమో ఒకప్పుడు పోస్టర్ల మీద తనే నవ్విన మనిషి. దీన్ని పశ్చాత్తాపం అని కొందరు అంటారు, నాకైతే తన పాత సినిమాలు చూసిన జనం ఎవరో, టికెట్ కొని ఏ ఇంటికి వెళ్ళారో ఇతనికి బాగా తెలుసు అనిపిస్తుంది.

ఆ పాత సినిమాల మీద విమర్శ తప్పని అనను. ముసోలినీ కాలం, ఆ రోజుల ఫ్యాషన్ సినిమాలని 'తెల్ల టెలిఫోన్' సినిమాలని ఎగతాళిగా పిలిచేవాళ్ళు, డబ్బున్నోళ్ళ ఇళ్ళు, మెరిసే సెట్లు, బయట దేశం ఏమైపోతుందో పట్టదు. డి సికా కూడా ఆ గొడుగు కిందే బతికాడు, హాయిగానే బతికాడు. కానీ కామెరీనితో చేసినవి కాస్త వేరు, 1937 సినిమా సిగ్నోర్ మాక్స్‌లో ఇతను పేపర్లు అమ్ముకునేవాడు, గొప్పోళ్ళ మధ్య గొప్పోడిలా వేషం కట్టి నవ్వులపాలవుతాడు. 1935లో కామెరీని తీసిన ఇంకో సినిమా టైంలోనే రచయిత చెజారే జవాట్టిని పరిచయం. బైసికిల్ థీవ్స్ ఆ జోడీదే, తర్వాత వాళ్ళు ఏం చేశారో ప్రపంచానికి తెలుసు.

నటుడు కాబట్టే నటులు కానివాళ్ళతో పని చేయించుకోగలిగాడు, ఇది కూడా తిరగేసి చెబుతుంటారు. బైసికిల్ థీవ్స్‌లో హీరోగా ఫ్యాక్టరీ కార్మికుడు లంబెర్తో మజ్జోరాని, కొడుకుగా ఎన్జో స్తయోలా అనే పిల్లాడు, ఉంబెర్తో డి అనే సినిమాలో ముసలాయనగా ప్రొఫెసర్ కార్లో బాత్తిస్తి, వీళ్ళకి ప్రతి అడుగూ ప్రతి చూపూ తనే చేసి చూపించేవాడు, వాళ్ళు దాన్ని పట్టుకునేవాళ్ళు. అమెరికా నిర్మాత సెల్జ్నిక్ బైసికిల్ థీవ్స్‌కి డబ్బు పెడతాను, హీరోగా హాలీవుడ్ స్టార్ కేరీ గ్రాంట్‌ని పెట్టుకోమంటే ఈయన ఒప్పుకోలేదు. స్టార్ మొహం తెర మీద ఏం చేస్తుందో స్టార్‌కి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది?

ఇక డబ్బు. తండ్రికి అంకితమిచ్చిన ఉంబెర్తో డి 1952లో ఫ్లాప్, పైగా అప్పటి ప్రభుత్వంలో సినిమాల వ్యవహారం చూసే ఆంద్రెయోత్తి దేశం పరువు తీస్తున్నావని బహిరంగ లేఖ రాశాడు. మరుసటి ఏడాదే డి సికా జీనా లోలోబ్రిజిడాతో బ్రెడ్, లవ్ అండ్ డ్రీమ్స్‌లో సోకుల పోలీసు మార్షల్‌గా వేస్తే జనం విరగబడి చూశారు. మేధావులు ముక్కు మీద వేలేసుకున్నారు. నా ఉద్దేశంలో వేలు తీసేయొచ్చు. రెండు సంసారాలు, అటు జుదిత్తా రిస్సోనే, ఇటు మరియా మెర్కాదెర్, క్రిస్మస్ రాత్రి రెండిళ్ళల్లోనూ పండగ చేయడానికి ఒక ఇంట్లో గడియారం టైం మార్చేవాడని చెబుతారు, దాని మీద జూదం పిచ్చి, ఇన్ని ఖర్చులకీ నటన జీతమే ఆధారం. సొంత సినిమాలకి కూడా చాలాసార్లు ఆ జీతమే గతి. ఆ జీతం వేషాల్లో చెత్త బోలెడు, అయినా 1957లో ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్‌కి ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళాడు, 1959లో డైరెక్టర్ రోసెల్లిని సినిమాలో జనరల్ వేషం కట్టే మోసగాడిగా ఆయన చేసిన పని చూస్తే మిగతావి క్షమించేయొచ్చు.

1974 నవంబర్ 13న పారిస్ పక్కన న్యూయీలో పోయాడు. ఈయన్ని కొత్తగా చూడాలనుకునేవాళ్ళకి నేను బైసికిల్ థీవ్స్ చెప్పను, 1954లో ఆయనే తీసిన గోల్డ్ ఆఫ్ నేపుల్స్‌లో ఒక ముక్క చెబుతాను. అందులో ఆయన పేకాట పిచ్చి ఉన్న ఒక జమీందారు, భార్య చేతికి పైసా ఇవ్వదు, ఆడటానికి ఎవరూ దొరకరు, చివరికి వాచ్‌మన్ కొడుకుని, చిన్న పిల్లాడిని, బలవంతంగా కూర్చోబెట్టి ముక్కలు పంచుతాడు. పిల్లాడి మనసంతా బయట ఆటల మీద. ఈయనేమో ప్రాణం పోతున్నంత సీరియస్‌గా ఆడతాడు, ప్రతి ఆటా ఓడిపోతాడు, ఓడి పిల్లాడి మీద అరుస్తాడు.